సత్యకుమారి జవాబు

రామచంద్రపురం,
17 ఆగస్టు 1997.

చంద్రరావు మావయ్య గారికి మేనకోడలు ఆశాజ్యోతి వందనాలు.

ఇక్కడ నేను క్షేమం. అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో మీరు రాయలేదు. రాజమండ్రిలో మీ ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ ఆవిడ నాకోసం మేడమెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉండేది. ఇకనైనా కింది గదిలోకి మారమని నా మాటగా చెప్పండి.

కాలేజీలో చేరి నెలన్నర అయింది. సాంఖ్యకశాస్త్రం డిపార్ట్‌మెంటంటే నేనూ, ఒక బీరువా. బీరువా తాళం ఇంకా దొరకలేదు.

మొదటి రోజు బీఎస్సీ రెండో సంవత్సరం పిల్లల్ని సగటు అంటే ఏంటని అడిగాను. తరగతంతా ఒక్క గొంతుతో సూత్రం అప్పజెప్పింది. "సరే, ఒక ఊళ్ళో ఇంటికి సగటున ఎకరం పొలం ఉందన్నారనుకోండి. దాన్నిబట్టి మీకేం తెలిసింది?" అన్నాను. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మాకు పొలం లేదు మేడమ్. మరి మా ఎకరం ఎవరి దగ్గరుందండీ?" అంది.

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వించడానికి అనలేదు, నిజంగానే అడిగింది. పేరు సత్యకుమారి. ద్రాక్షారామం పక్కన పల్లెటూరు. తండ్రి ముసలయ్య కూలికి వెళ్తాడు. వాళ్ళింట్లో కాలేజీ ముఖం చూసింది ఈ పిల్లే.

ఆ రోజు నుంచి నేను పాఠం చెప్పే పద్ధతి మార్చేశాను. కొబ్బరి దింపు జరిగేటప్పుడు ఎవరి ఊళ్ళో వాళ్ళు తోటలకి వెళ్ళి, చెట్టు వయసెంతో ఇంటివాళ్ళని అడిగి, ఆ చెట్టుకి ఎన్ని కాయలు దిగాయో రాసుకురమ్మన్నాను. సత్యకుమారి తెచ్చిన అంకెల్ని బోర్డు మీద చుక్కలుగా పెట్టించాను. లేత చెట్లకి కాయ తక్కువ, నడివయసు చెట్లకి విరగకాపు, ముసలి చెట్లకి మళ్ళీ తక్కువ. చుక్కలన్నీ గొడుగులా వంగి కనిపించాయి. అప్పుడు సహసంబంధ గుణకం కట్టమన్నాను. తిన్నటి గీతనే పట్టే లెక్క కదా, దాదాపు సున్నా వచ్చింది. ఆ పిల్ల బోర్డు వైపు చాలాసేపు చూసి, "అయితే పుస్తకం ప్రకారం చెట్టు వయసుకీ కాపుకీ సంబంధం లేదన్నమాటేనాండీ? ఇక్కడ కళ్ళకి కనపడతంది కదండీ" అంది.

ఆ మాట వినడానికే నేను ఎమ్మెస్సీ చదివాననిపించింది మావయ్యా.

కొందరికి మాత్రం ఇది పాఠంలా కనిపించడం లేదు. మీరు రాసిన గైడు తెచ్చి చూపించి, "ఇందులో లేదు కదా మేడమ్" అంటున్నారు. మన పుస్తకాల్లో X, Y తప్ప ఊరూ పేరూ ఉన్న అంకె ఒక్కటీ ఉండదు కదా. మీరేమంటారో రాయండి.

మీ
జ్యోతి


దానవాయిపేట, రాజమండ్రి,
1 సెప్టెంబరు 1997.

చి. ఆశాజ్యోతికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అత్తయ్య కింది గదిలోకి రానంటోంది, మేడ మీదైతే గోదావరి గాలి వస్తుందట. గోదావరి ఎర్రగా నిండుగా ఉంది. పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయాక సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే ఏదో వెలితిగా ఉంటోంది. ఆ చప్పుడుతోనే ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను.

నా గైడు వల్ల పిల్లలకి ఏమీ రావడం లేదని రాశావు. రాసింది నువ్వు కాబట్టి ఒకటికి రెండుసార్లు చదివాను. ఈ మాట ఇదివరకు యూనివర్సిటీ ప్రొఫెసర్లు అన్నారు. వాళ్ళంటే నాకు పట్టలేదు. ఆ గైడు అచ్చు తప్పులు దిద్దింది నువ్వే. మన వరండాలో కూర్చుని పెన్సిల్‌తో.

అది ఎవరికోసం రాశానో నీకు తెలియకపోతే చెబుతాను. తెలివైన పిల్లలకి మనం లేకపోయినా ఫరవాలేదు. పొద్దున పొలంలో పని చేసి, బస్సు పట్టుకుని, కునుకుతూ క్లాసులో కూర్చునే పిల్లలున్నారు చూడు, వాళ్ళకి ఏ వరస తర్వాత ఏ వరస నింపాలో చెప్పేవాడు కావాలి. పాసైతే ఉద్యోగం, తప్పితే మళ్ళీ ఆ పొలమే. ముందు వాళ్ళని గట్టెక్కించు. ఆలోచన తర్వాత నేర్చుకుంటారు.

కొత్తగా చేరినవాళ్ళకి ఉత్సాహం సహజం. సిలబస్ వెనకపడకుండా చూసుకో. చర్చికి వెళ్తున్నావా?

మీ మావయ్య
చంద్రరావు


రామచంద్రపురం,
11 జనవరి 1998.

మావయ్య గారికి వందనాలు.

క్రిస్మస్‌కి రాలేకపోయాను. మీకు కోపం వచ్చిందేమోనని అమ్మ రాసింది. కోపానికి కారణం నేను రాకపోవడమా, గైడు సంగతా అన్నది తెలియడం లేదు. మీ పుస్తకం పనికిరాదని నేను అనలేదు. అందులో లేనిది పాఠమే కాదని పిల్లలు అనుకుంటున్నారని రాశాను. రెండూ ఒకటి కాదు. ఆ ఉత్తరం మళ్ళీ ఒకసారి చూడండి.

మీరన్నట్టే సిలబస్ కొంచెం వెనకబడింది. ప్రిన్సిపాల్ గారు పిలిచి, "బయట తిప్పడం చాలండి అమ్మా, మార్చి దగ్గరికొచ్చేసింది" అన్నారు. ఆదివారాలు కూడా క్లాసులు పెట్టి లాగుతున్నాను.

సత్యకుమారి గురించి మీకు మళ్ళీ చెప్పాలనుంది. ఏ అంకె చూపించినా ముందు "ఎవరిని అడిగి రాశారండీ?" అంటుంది. పేపర్లో ఏదో సర్వే వస్తే కత్తిరించి తెచ్చి, "వీళ్ళు మా పేటకి రాలేదు మేడమ్, మరి జిల్లా అంతా అని ఎలా రాశారు?" అంది. నేను ఏ పుస్తకంలోంచీ చెప్పలేదు అది. ఈ పిల్లని ఎమ్మెస్సీ దాకా చదివించాలి. ఒకసారి మీకు చూపిస్తాను.

అత్తయ్యకి మందు పంపిస్తున్నాను. వేణ్ణీళ్ళ కాపడం పెట్టాక రాయాలి.

జ్యోతి


వాల్యుయేషన్ క్యాంపు నుంచి,
9 మే 1998.

చి. జ్యోతికి ఆశీస్సులు.

ఎండలు మండిపోతున్నాయి. మాకిచ్చిన హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కాయితాలకే తగులుతోంది. ఈసారి నన్ను చీఫ్ ఎగ్జామినర్‌ని చేశారు. నా కింద ఉన్నవాళ్ళలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. భోజనాల దగ్గర కబుర్లతో పొద్దుపోతోంది. ఆవకాయ మీ అత్తయ్య కలిపిందే తెచ్చాను, మూడో రోజుకే జాడీ ఖాళీ చేశారు.

గైడు గొడవ వదిలెయ్. నీ రెండో ఉత్తరం చదివాక నా మనసు తేలికపడింది. మనిద్దరికీ అదేం పట్టింపు?

ఒక తమాషా చెబుతాను. మొన్న ఒక జవాబు పత్రం వచ్చింది. సహసంబంధ గుణకం కట్టమని పదిహేను మార్కుల ప్రశ్న. పట్టిక గీసి నిలువు వరసలు నింపాలి కదా. ఈ మహానుభావుడు గళ్ళు గీసి చుక్కలు పెట్టాడు. సున్నాకి దగ్గరగా జవాబైతే తెచ్చాడు, మధ్య మెట్లు సగం లేవు. చివర 'X, Y లకు సహసంబంధం లేదు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అలా రాయకుండా, సంబంధం ఉంది గానీ ఈ లెక్కకి అది కనపడదు, కొబ్బరిచెట్టు వయసూ కాపూ లాగ అంటూ పేజీన్నర ఉపన్యాసం. ప్రశ్నలో ఈ సూత్రం వాడమనడమే తప్పట. నేను పైకి చదివి వినిపించాను. హాలంతా నవ్వింది. "కొబ్బరి తోటలో కూర్చుని రాసుంటాడు సార్" అన్నాడొకాయన. మార్కులెలా వేయాలో చెప్పే స్కీములో మెట్టుకి ఇన్నని ఉంది, దాని ప్రకారం మూడు మార్కులు వేయించాను. మిగతా జవాబుల్లోనూ మెట్లు సగం లేక మార్కులు పోయాయి, ఇలాంటి గీతలతోనే టైమంతా అయిపోయినట్టుంది, చివరి రెండు ప్రశ్నలూ ముట్టుకోలేదు.

నీ పిల్లల్ని ఇలాంటి సాహసాలు చేయనివ్వకు. సెలవుల్లో రా. మామిడిపళ్ళు నీకోసం ఉంచమని చెప్పాను.

మీ మావయ్య
చంద్రరావు


రామచంద్రపురం,
21 జూన్ 1998.

మావయ్య గారికి,

సెలవుల్లో ఎందుకు రాలేదని మీరు రెండు కార్డులు రాశారు. రిజల్ట్స్ వచ్చేదాకా ఆగాను. మే నెలలో మీ ఉత్తరం చదివినప్పుడే నాకు అర్థమైంది. అయినా నేను పొరబడ్డానేమోనన్న ఆశతో ఆగాను. ఇప్పుడు వచ్చేశాయి.

ఆ తమాషా పేపరు సత్యకుమారిది. మహానుభావుడు కాదు, ఆడపిల్ల. సాంఖ్యకశాస్త్రంలో తప్పింది. కాస్తలో పోయింది. మిగతావన్నీ ఫస్ట్ క్లాసు.

రీవాల్యుయేషన్‌కి రాయమన్నాను. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే స్కీము మారదు కాబట్టి మార్కులూ మారవన్నారు. ఒక పేపరు పోతే మూడో సంవత్సరంలో కూర్చోవడానికి అడ్డు లేదు గానీ స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, హాస్టల్లో ఉండనివ్వరు. ముసలయ్య కాలేజీకి వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "మా పిల్ల తెలివైందని మీరే అంటారు కదండీ మేడమ్ గారూ. తెలివైన పిల్ల తప్పడం ఏంటండి?" అన్నాడు.

మీకొక మాట గుర్తు చేస్తాను. సహసంబంధ గుణకం సున్నా అయినంత మాత్రాన రెండు చలరాశులూ స్వతంత్రాలు కావు. ఆ వాక్యం నాకు చెప్పింది మీరు. మీ గైడులో రెండు మార్కుల ప్రశ్నగా ఉంది. సత్యకుమారి రాసింది అదే. కాకపోతే తన మాటల్లో రాసింది.

కొబ్బరిచెట్ల పాఠం గురించి నేను మీకు పోయిన ఆగస్టులోనే రాశాను. అది మీకు గుర్తులేదా, గుర్తుండే ఆ మూడు మార్కులు వేయించారా? నేను అడగకూడదేమో. అడగకుండా ఉండలేకపోతున్నాను.

ఆశాజ్యోతి


రాజమండ్రి,
26 జూన్ 1998.

ఆశాజ్యోతికి,

ఇన్నేళ్ళ సర్వీసులో నా ముందు పెట్టిన పేపరు ఎవరిదని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నంబర్లు మార్చి పంపిస్తారు, అది నీకూ తెలుసు. నా సొంత మేనకోడలు నన్ను అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

పోయిన ఆగస్టు ఉత్తరం అంటున్నావు. అందులో గైడు గురించి రాసిన వాక్యం చదివాక మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు. ఇదీ నిజం. నమ్మితే నమ్ము.

ఇంకొక నిజం కూడా విను. ఆ పేపరు నీ విద్యార్థినిదని తెలిసినా అవే మార్కులు వేయించేవాణ్ణి. వేల పేపర్లు, పాతికమంది ఎగ్జామినర్లు. స్కీము వదిలేసి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వేస్తే, ఆ అమ్మాయి లాంటివాళ్ళకే ముందు అన్యాయం జరుగుతుంది. పెద్ద కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు రాసిన ఉపన్యాసాలకి పదిహేనుకి పదిహేను పడతాయి. తెలుగులో కొబ్బరిచెట్టు గురించి రాసినదానికి పడవు. స్కీము ఉంది కాబట్టే మూడైనా పడ్డాయి.

పరీక్ష ఎలా రాయాలో ఆ పిల్లకి చెప్పవలసింది నువ్వు. చెప్పావా?

చంద్రరావు


రామచంద్రపురం,
2 ఆగస్టు 1998.

మావయ్య గారికి,

మీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఈ సంగతి ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

సత్యకుమారి జులైలో కాలేజీకి రాలేదు. వాళ్ళ ఊరు వెళ్ళాను. ముసలయ్య తల దించుకుని, "రొయ్యల కంపెనీకి పంపేశానండి. మా పేటలో పిల్లలంతా అక్కడే ఉన్నారండి. తప్పిన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి ఏం చెయ్యనండి" అన్నాడు. కాకినాడ వెళ్ళే రోడ్డులో ఉంది ఆ కంపెనీ. నిన్న అక్కడికి వెళ్ళాను.

గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టారు. షిఫ్టు మారేటప్పుడు వచ్చింది. తలకి ప్లాస్టిక్ టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తారు. వేళ్ళు తెల్లగా నాని, చివర్లు పగిలి ఉన్నాయి. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"బాగానే ఉంది మేడమ్. భోజనం పెడతారు" అంది. సెప్టెంబరు పరీక్షకి ఫీజు నేను కట్టేశానని చెప్పాను. అప్పుడు తను అడిగింది, "నేను రాసింది తప్పా అండీ?"

తప్పు కాదన్నాను.

"తప్పు కానప్పుడు మార్కులు ఎందుకెయ్యలేదండీ? మీరు చెప్పిందే కదండీ రాశాను."

ఎవరు దిద్దారో నేను చెప్పలేదు. మీరు అడిగిన ప్రశ్న ఉందే, పరీక్ష ఎలా రాయాలో చెప్పావా అని, అది అప్పట్నుంచీ తలలో తిరుగుతోంది. చెప్పలేదు మావయ్యా. అలా ఆలోచిస్తే ఎవరైనా మెచ్చుకుంటారనుకున్నాను.

పరీక్ష రాస్తానంది. చదువుకోవడానికి మాత్రం అక్కడ చోటు లేదు, కంపెనీ హాస్టల్లో ఒక్కో గదిలో పన్నెండు మంది. మా ప్రిన్సిపాల్ గారు నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు, ఈసారి మా కాలేజీ పాస్ శాతం పడిపోయింది. అదంత ముఖ్యం కాదు.

జ్యోతి


రాజమండ్రి,
6 ఆగస్టు 1998.

జ్యోతికి,

ఆ అమ్మాయిని ఇక్కడికి పంపించు. పరీక్ష అయ్యేదాకా మా ఇంట్లో ఉంటుంది. మీ అత్తయ్య నువ్వుండే గది కడిగించింది. తండ్రిని తోడు రమ్మను, ఒక్కదాన్నే బస్సెక్కించవద్దు.

నేను మార్కులు వేయించిన తీరు రూలు ప్రకారమే. ఆ మాట మార్చను. పేపరు దిద్దింది నేనని ఆ పిల్లకి నువ్వు చెబుతావో, నన్ను చెప్పమంటావో రాయి.

చంద్రరావు


రామచంద్రపురం,
12 ఆగస్టు 1998.

మావయ్య గారికి వందనాలు.

ముసలయ్య వచ్చే ఆదివారం పొద్దున సత్యకుమారిని తీసుకుని వస్తున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు, మీరు లోపలికి రమ్మంటే గానీ రాడు. కొంచెం చూడండి. పిల్లకి వేళ్ళకి రాసుకోవడానికి మందు పెట్టాను, అత్తయ్యకి చెప్పండి రోజూ రాయించమని. సిగ్గుపడి మానేస్తుంది.

పేపరు సంగతి ఇప్పుడు వద్దు. పరీక్ష అయ్యాక నేను చెబుతాను.

ఒకటే అడుగుతున్నాను. వరసలు నింపడం నేర్పండి, కాదనను. దాంతో పాటు అప్పుడప్పుడూ చుక్కలు కూడా పెట్టించండి. ఆ అలవాటు పోనివ్వకండి.

జ్యోతి


రాజమండ్రి,
27 సెప్టెంబరు 1998.

చి. జ్యోతికి ఆశీస్సులు.

పరీక్ష నిన్నటితో అయింది. బాగా రాసింది. పాసవుతుంది, అనుమానం అక్కర్లేదు. ఉదయం తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు. మీ అత్తయ్య పిల్ల చేతికి కొత్త చీర ఇచ్చి, వెళ్ళాక ఏడ్చింది. ఇంట్లో వంట మొత్తం ఆ పిల్లే నేర్చేసుకుంది. చదువుకోవే అని కసిరితే తప్ప వంటింట్లోంచి కదిలేది కాదు.

చుక్కలు పెట్టించమని రాశావు. మొదట్లో నాకు తీరలేదు. సిలబస్ మొత్తం తిరగేయాలి, ఉన్నది నెల పైచిల్లర. గైడు పట్టుకుని ఒక వరసలో వెళ్ళాం. అలాంటి బుర్రని నేను చూడలేదు జ్యోతీ. ఒకసారి చెబితే మళ్ళీ చెప్పనక్కర్లేదు. రెండు వారాలయ్యేసరికి కళ్ళు మూసుకుని పట్టికలు నింపేస్తోంది.

పరీక్షకి నాలుగు రోజుల ముందు అనిపించింది, మార్చిలో వచ్చిన ఆ ప్రశ్నే ఇద్దామని. అవే అంకెలు. ఏమీ చెప్పకుండా కాయితం ముందు పెట్టాను. చకచకా వరసలు గీసింది, గుణకం కట్టింది, 'X, Y లకు సహసంబంధం లేదు' అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసింది. ఒక్క దిద్దుబాటు లేదు.

"ఇంకేమైనా రాస్తావా?" అన్నాను.

"వద్దండి. రాస్తే పోతుంది కదండీ" అంది.

"ఈ అంకెలు చూస్తే నీకేమీ అనిపించడం లేదా?"

తల ఎత్తలేదు. "అనిపిస్తే టైం పోద్దండి" అంది.

స్కీము ప్రకారం పదిహేనుకి పదిహేను వేయాలి. వేశాను. మధ్యాహ్నం నేనే గళ్ళ కాయితం తీసి ఆ చుక్కలు పెట్టి చూశాను. గొడుగులాగే ఉంది. ఆ ప్రశ్న తయారుచేసిన వాడెవడో చుక్కలు పెట్టి చూసుకోలేదు. ఆ పిల్ల పెట్టి చూపించినా నేనూ ఆ రోజు చూడలేదు.

దిద్దింది నేనని నువ్వు చెప్పేదాకా ఆగలేకపోయాను. బస్సెక్కే ముందు చెప్పాను. ఆ పిల్ల, "అలాగాండీ" అంది. అంతే. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను.

మీ మావయ్య
చంద్రరావు


రామచంద్రపురం,
22 నవంబరు 1998.

మావయ్య గారికి వందనాలు.

మీరన్నట్టే అయింది. సత్యకుమారికి తొంభై దాటి వచ్చాయి. కాలేజీలో ఇదే ఎక్కువ. స్కాలర్‌షిప్ మళ్ళీ ఇస్తామన్నారు, హాస్టల్లో చేర్చుకున్నారు. ప్రిన్సిపాల్ గారు నా నోటీసు సంగతి ఇంక ఎత్తడం లేదు. ముసలయ్య బుట్టెడు జామకాయలు తెచ్చి స్టాఫ్‌రూములో అందరికీ పంచాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు.

సంతోషంగా రాయాల్సిన ఉత్తరం ఇది. రాయలేకపోతున్నాను.

తను వచ్చిన వారానికి మూడో సంవత్సరం క్లాసులో కొన్ని అంకెలు బోర్డు మీద రాశాను. మన ప్రాంతంలో రొయ్యల చెరువులున్న ఊళ్ళూ, లేని ఊళ్ళూ, మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు నడిచే దూరం. పిల్లలు ఎండాకాలంలో తెచ్చిన అంకెలే. ముందు సూత్రాలేవీ వద్దు, చూసి ఏమనిపిస్తోందో చెప్పండన్నాను. అందరూ సత్యకుమారి వైపు తిరిగారు. ఎప్పుడూ ముందు అడిగేది తనే కదా.

లేచి నిలబడింది. ఎంతో మర్యాదగా, "ఇది ఎన్ని మార్కుల ప్రశ్నండీ?" అంది.

వెటకారం కాదు మావయ్యా. వెటకారమైతే నాకింత బాధ ఉండేది కాదు. మార్కులెన్నో చెబితే ఎంత రాయాలో చూసుకుందామని పెన్ను పట్టుకుని నిలబడింది. మిగతా పిల్లలు కూడా పెన్నులు తీశారు. నేను కూర్చోమన్నాను. డస్టర్‌తో తుడిచేసి సిలబస్ పాఠం మొదలుపెట్టాను.

క్లాసయ్యాక తనే వచ్చింది. "మేడమ్, మీరేం అనుకోకండి. మా క్లాసు వాళ్ళందరూ నన్ను అడగమన్నారండి. బయట అంకెలు తేవడం ఈ ఏడు వద్దండి. మాకు పాసవడం ముఖ్యమండి" అంది.

మీరు ఆ పిల్లని గట్టెక్కించారు. మీరు కాకపోతే ఈపాటికి ఐసు నీళ్ళలో ఉండేది. మిమ్మల్ని ఏమీ అనడానికి నాకు హక్కు లేదు. ఆ రోజు ఎన్ని మార్కులని ఆ పిల్ల అడిగినదానికి నేను ఏం చెప్పి ఉండాల్సింది? అది మాత్రం రాయండి.

మీ
జ్యోతి


రాజమండ్రి,
13 డిసెంబరు 1998.

చి. జ్యోతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి యూనివర్సిటీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు ఉంది. జవాబు దానికోసమే ఆపాను. మీ అత్తయ్య ఈ మధ్య కింది గదిలోకి మారింది, నేను దిగమన్నందుకు కాదు, ఆ పిల్ల వెళ్ళే ముందు ఆవిడ సామానంతా కింద సర్దిపెట్టినందుకు.

మీటింగులో నేను ఒక సవరణ పెట్టాను. ప్రతి పేపర్లో ఒక ప్రశ్నకి నిజంగా ఎక్కడో సేకరించిన అంకెలు ఇవ్వాలి, అవి ఎక్కడివో రాయాలి, అభ్యర్థి బొమ్మ గీసి తనకేం అర్థమైందో సొంత మాటల్లో చెప్పాలి, సూత్రం అక్కడ పనికిరాదంటే ఎందుకో చెబితే దానికీ మార్కులివ్వాలి అని. పదిహేను మార్కులు అడిగాను.

గంటన్నర వాదన జరిగింది. సొంత మాటలకి స్కీము ఎలా తయారుచేస్తారు, ఎవరు దిద్దుతారు, అవినీతికి దారి అవుతుంది అన్నారు. నేను నీకు జూన్‌లో రాసిన మాటలే దాదాపు. నా పాత విద్యార్థి ఒకడు నవ్వుతూ, "సార్, మరి మీ గైడు ఏమవుతుంది?" అన్నాడు. ఇక అచ్చు వేయించనన్నాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. చివరికి ఎనిమిది మార్కులకి ఒప్పుకున్నారు. స్కీము రాసే పని నాకే అంటగట్టారు. ఆ పనిలో నువ్వు నాకు సాయపడాలి, పండగ సెలవులకి రా.

కానీ అది వచ్చే జూన్‌లో మొదటి సంవత్సరం చేరేవాళ్ళకి. చదువు మధ్యలో ఉన్నవాళ్ళకి సిలబస్ మార్చడానికి వీల్లేదట. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చేనాటికి సత్యకుమారి కాలేజీలో ఉండదు.

ఏం చెప్పి ఉండాల్సిందని అడిగావు. అబద్ధం చెప్పకు. ఎప్పుడో మార్కులొస్తాయని ఆశ కూడా పెట్టకు. మళ్ళీ ఆ అంకెలు బోర్డు మీద రాయి. ఎన్ని మార్కులని అడిగితే, సున్నా అని చెప్పు. చెప్పాక, చూసి ఏమనిపిస్తోందని ఇంకోసారి అడుగు.

ఆ పిల్ల ఏమందో నాకు రాయి. ఏమీ అనకపోయినా రాయి.

మీ మావయ్య
చంద్రరావు